ఆమ్ల–క్షార టైట్రేషన్ లెక్కలను మిల్లీమోల్‌లతో చేసే పద్ధతి

ఆమ్ల–క్షార టైట్రేషన్ లెక్క అనగానే ఇంటర్, డిగ్రీ విద్యార్థుల్లో ఎక్కువమందికి ముందుగా గుర్తొచ్చేది వి₁ఎన్₁ = వి₂ఎన్₂ అనే సూత్రం (వి ఘనపరిమాణం; ఎన్ నార్మాలిటీ, అంటే ఒక లీటరు ద్రావణం వదిలే లేదా తటస్థం చేసే హైడ్రోజన్‌ల మోల్‌లు). సూత్రంలో తప్పేమీ లేదు. అయితే అందులో నాలుగు సంఖ్యలకే చోటుంది. తూచిన స్ఫటికంలో ఉన్న నీటికి, పది రెట్లు విలీనం చేసిన నమూనాకు, చర్య ముగిశాక మిగిలిపోయిన ఆమ్లానికి, ఒకే ఫ్లాస్క్‌లో రెండు క్షారాలున్న సందర్భానికి అందులో చోటు లేదు. పరీక్షల్లో అడిగేవీ ప్రయోగశాలలో ఎదురయ్యేవీ చాలావరకు ఇలాంటివే కాబట్టి, ఇక్కడ ఆ సూత్రాన్ని పక్కన పెట్టి ప్రతి లెక్కనూ మిల్లీమోల్‌ల లెక్కగా చేసే పద్ధతిని ఉదాహరణలతో వివరిస్తున్నాను. మోల్, మొలారిటీ అంటే ఏమిటో, సమీకరణాన్ని తుల్యం చేయడం ఎలాగో పాఠకులకు తెలుసని అనుకుంటున్నాను.

లెక్కకు ఆధారం

మొలారిటీ అంటే ఒక లీటరు ద్రావణంలో ఉన్న ద్రావితపు మోల్‌ల సంఖ్య. లీటరునూ మోల్‌నూ రెండింటినీ వెయ్యితో భాగిస్తే విలువ మారదు కాబట్టి, అదే సంఖ్య ఒక మిల్లీలీటరులో ఉన్న మిల్లీమోల్‌ల సంఖ్య కూడా అవుతుంది. 0.1 మొలార్ ద్రావణాన్ని 20 మి.లీ. తీసుకుంటే అందులో 2 మిల్లీమోల్‌లు ఉన్నట్లే. వెయ్యితో గుణించడం, మళ్లీ భాగించడం అనే పని ఉండదు. ద్రవ్యరాశికీ ఇదే వర్తిస్తుంది. మిల్లీమోల్‌లను మోలార్ ద్రవ్యరాశితో గుణిస్తే జవాబు మిల్లీగ్రాములలో వస్తుంది.

ఇక ఏ టైట్రేషన్ లెక్కనైనా మూడు ప్రశ్నలుగా విడగొట్టవచ్చు. బ్యూరెట్ నుంచి ఎన్ని మిల్లీమోల్‌లు దిగాయి అన్నది మొదటి ప్రశ్న. తుల్య సమీకరణం ప్రకారం అవి ఫ్లాస్క్‌లోని పదార్థం ఎన్ని మిల్లీమోల్‌లతో చర్య జరిపాయి అన్నది రెండోది. ఫ్లాస్క్‌లో ఉన్నది మొత్తం నమూనాలో ఎన్నో వంతు అన్నది మూడోది. విద్యార్థుల జవాబు పత్రాల్లో మొదటి ప్రశ్న దగ్గర తప్పులు అరుదు. రెండో ప్రశ్న దగ్గర నిష్పత్తి తలకిందులవుతుంది, మూడో ప్రశ్న చాలాసార్లు అసలు గుర్తే ఉండదు.

ఒక చిన్న సందేహాన్ని ఇక్కడే తీర్చుకోవాలి. పిపెట్‌తో ఆమ్లాన్ని కోనికల్ ఫ్లాస్క్‌లోకి వదిలిన తర్వాత గోడలను స్వేదనజలంతో కడిగినా, రంగు బాగా కనిపించడానికి ఇంకో 20 మి.లీ. నీళ్లు పోసినా లెక్క మారదు. ఫ్లాస్క్‌లోని గాఢత తగ్గుతుంది గాని అందులోని మిల్లీమోల్‌లు తగ్గవు, బ్యూరెట్ నుంచి దిగే క్షారం చర్య జరిపేది ఆ మిల్లీమోల్‌లతోనే. కాబట్టి ఆ నీటిని ఘనపరిమాణంలో కలపకూడదు. దీనికి భిన్నంగా, స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో గీత వరకు పోసిన నీరు లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే అక్కడి నుంచి మనం తీసేది ఒక భాగాన్ని మాత్రమే.

సోడియం హైడ్రాక్సైడ్ గాఢతను కనుక్కోవడం

సోడియం హైడ్రాక్సైడ్‌ను తూచి నీటిలో కరిగించి దాని గాఢత ఇంత అని చెప్పడానికి వీల్లేదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్‌తో చర్య జరిపి కొంత కార్బోనేట్‌గా మారుతుంది. అందుకే కచ్చితంగా తూచదగిన మరో పదార్థంతో దానిని టైట్రేట్ చేస్తారు. పాఠశాల, కళాశాల ప్రయోగశాలల్లో ఆ పని ఎక్కువగా ఆక్సాలిక్ ఆమ్లంతో జరుగుతుంది. పొటాషియం హైడ్రోజన్ థాలేట్ దొరికితే ఇంకా మంచిది.

ఆక్సాలిక్ ఆమ్లం సీసాలో ఉండేది రెండు నీటి అణువులున్న స్ఫటికం. దాని మోలార్ ద్రవ్యరాశి 126.07. నీటిని వదిలేసి 90.03 వేసుకుంటే గాఢత దాదాపు 40 శాతం ఎక్కువగా వస్తుంది. సీసా మీది లేబుల్‌ను చదివి ఈ సంఖ్యను రాసుకోవడం లెక్కలో మొదటి పని.

1.5924 గ్రాముల స్ఫటికాలను కరిగించి 250 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో గీత వరకు నింపామనుకుందాం. 1592.4 మిల్లీగ్రాములను 126.07తో భాగిస్తే 12.631 మిల్లీమోల్‌లు, దానిని 250తో భాగిస్తే ఆక్సాలిక్ ఆమ్లం గాఢత 0.05052 మొలార్. ఈ ద్రావణాన్ని పిపెట్‌తో 20.00 మి.లీ. తీసి, రెండు మూడు చుక్కల ఫినాల్ఫ్తలీన్ సూచిక (చర్య ముగిసిందని రంగు మార్పుతో చూపే పదార్థం) వేసి, బ్యూరెట్‌లోని సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే మొదటిసారి 19.80, తర్వాత రెండుసార్లూ 19.45 మి.లీ. ఖర్చయింది. మొదటిది అంత్య బిందువు (సూచిక రంగు మారే చోటు) ఎక్కడుందో తెలుసుకోవడానికి తొందరగా చేసిన రీడింగు కాబట్టి దానిని వదిలేస్తాం. మూడింటి సగటు తీయడం ఇక్కడ నిజాయితీలా కనిపిస్తుంది గాని, తప్పని ముందే తెలిసిన సంఖ్యను సరైన సంఖ్యలతో కలపడమే అవుతుంది.

తుల్య సమీకరణం ఇది:

ఆక్సాలిక్ ఆమ్లం + 2 సోడియం హైడ్రాక్సైడ్ → సోడియం ఆక్సలేట్ + 2 నీరు

ఫ్లాస్క్‌లోని ఆక్సాలిక్ ఆమ్లం 0.05052 × 20.00 = 1.0105 మిల్లీమోల్‌లు. ఒక్కో ఆమ్ల అణువుకు రెండు క్షార అణువులు కావాలి కాబట్టి బ్యూరెట్ నుంచి దిగినవి 2.0210 మిల్లీమోల్‌లు. అవి 19.45 మి.లీ.లో ఉన్నాయి గనుక సోడియం హైడ్రాక్సైడ్ గాఢత 2.0210 ÷ 19.45 = 0.1039 మొలార్.

రెండుతో గుణించాలా, భాగించాలా అనే సందేహం ఈ దశలో చాలామందికి వస్తుంది. దానికి సూత్రం గుర్తు చేసుకోనక్కర్లేదు. రెండు ద్రావణాలూ ఇంచుమించు 20 మి.లీ. చొప్పున ఖర్చయ్యాయి, ఆమ్లం అణువు ఒక్కటీ రెండు క్షార అణువులను తటస్థం చేస్తోంది. అలాంటప్పుడు క్షారపు గాఢత ఆమ్లపు గాఢతకు దాదాపు రెట్టింపు ఉండాలి. 0.05కు 0.10 రావడం సరిపోయింది. పొరపాటున భాగించి ఉంటే 0.026 వచ్చేది, అది తప్పని అంకెను చూడగానే తెలిసేది. జవాబు ఎంత ఉండవచ్చో కలం పట్టకముందే ఒకసారి అంచనా వేసుకునే అలవాటు, పరీక్షలో ఇచ్చిన నాలుగు ఆప్షన్లలో రెండింటిని లెక్క చేయకుండానే కొట్టివేయడానికి పనికొస్తుంది.

ఇంటర్ స్థాయిలో మొలారిటీని ఘనపరిమాణంతో గుణించి సమీకరణంలోని గుణకంతో భాగించే సూత్రాన్ని కూడా వాడతారు. అది పైన చేసినదానికి కుదించిన రూపం. గుణకం అంటే సమీకరణంలో ఆ పదార్థం ముందున్న సంఖ్య అని స్పష్టంగా తెలిసినంత కాలం దానిని నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. దానిని క్షారత్వంతోనో (ఆమ్ల అణువు వదిలే హైడ్రోజన్‌ల సంఖ్య) ఆమ్లత్వంతోనో (క్షార అణువు తటస్థం చేసే హైడ్రోజన్‌ల సంఖ్య) కలగాపులగం చేసినప్పుడే ఆక్సాలిక్ ఆమ్లం దగ్గర 2 రావలసిన చోట 1, 1 రావలసిన చోట 2 వచ్చి చేరతాయి.

వినెగర్‌లో ఎసిటిక్ ఆమ్లం ఎంత

ఇప్పుడు ఈ 0.1039 మొలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో కిరాణా దుకాణంలో దొరికే తెల్ల వినెగర్‌ను పరీక్షిద్దాం. సీసా మీద 5 శాతం అని ఉందనుకుంటే 100 మి.లీ.లో 5 గ్రాములు, అంటే లీటరుకు సుమారు 0.83 మోల్‌లు. దానిని నేరుగా 20 మి.లీ. తీసుకుంటే దాదాపు 16.7 మిల్లీమోల్‌లు అవుతాయి, వాటికి మన క్షారం 160 మి.లీ. కావాలి. 50 మి.లీ. బ్యూరెట్‌ను మూడుసార్లకు పైగా నింపాల్సి వస్తుంది. అందుకే ముందు పది రెట్లు విలీనం చేస్తాం: 10.00 మి.లీ. వినెగర్‌ను 100 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్క్‌లోకి తీసి గీత వరకు నీటితో నింపుతాం. ఆ విలీన ద్రావణం నుంచి 20.00 మి.లీ. తీసి టైట్రేట్ చేస్తే 15.60 మి.లీ. ఖర్చయింది.

మొదటి ప్రశ్నకు జవాబు 15.60 × 0.1039 = 1.621 మిల్లీమోల్‌ల క్షారం. ఎసిటిక్ ఆమ్లం ఒక హైడ్రోజన్‌ను మాత్రమే వదులుతుంది కాబట్టి నిష్పత్తి ఒకటికి ఒకటి, ఫ్లాస్క్‌లోని ఆమ్లం కూడా 1.621 మిల్లీమోల్‌లే. ఇక మూడో ప్రశ్న. ఈ 1.621 మిల్లీమోల్‌లు ఉన్నది 20 మి.లీ. విలీన ద్రావణంలో. స్టాండర్డ్ ఫ్లాస్క్ మొత్తం 100 మి.లీ. గనుక అందులో ఐదు రెట్లు, అంటే 8.104 మిల్లీమోల్‌లు. స్టాండర్డ్ ఫ్లాస్క్‌లోకి వెళ్లిన ఆమ్లమంతా 10 మి.లీ. వినెగర్ నుంచి వచ్చిందే కాబట్టి ఆ 10 మి.లీ.లో ఉన్నదీ 8.104 మిల్లీమోల్‌లే. ఎసిటిక్ ఆమ్లపు మోలార్ ద్రవ్యరాశి 60.05తో గుణిస్తే 486.7 మిల్లీగ్రాములు, 100 మి.లీ.కు 4.87 గ్రాములు.

ఇక్కడ ఐదుతో గుణించాలో పదితో గుణించాలో తెలియక తికమకపడేవారుంటారు. గాఢతలతో వెళితే పదితో గుణించాలి: విలీన ద్రావణం 1.621 ÷ 20.00 = 0.0810 మొలార్, అసలు వినెగర్ 0.810 మొలార్. మిల్లీమోల్‌లతో వెళితే ఐదుతో గుణించాలి. రెండు దారుల్లో ఏదైనా సరే, రెండూ కలిపి వాడి యాభైతో గుణించడమే ప్రమాదం. దీనికి మందు ఒక్కటే: రాసే ప్రతి సంఖ్య పక్కనా అది దేనిలో ఉన్నదో రాయాలి. ‘1.621 మిల్లీమోల్‌లు’ అని వదిలేయకుండా ‘20 మి.లీ. విలీన ద్రావణంలో 1.621 మిల్లీమోల్‌లు’ అని రాస్తే తర్వాతి మెట్టు తనంతట తానే కనిపిస్తుంది.

సూచికను లెక్కతో ఎంచుకోవడం

వినెగర్‌కు ఫినాల్ఫ్తలీనే ఎందుకు వాడాలి అన్న ప్రశ్నకు ‘బలహీన ఆమ్లం, బలమైన క్షారం కాబట్టి’ అని ఒప్పజెప్పడం సులువు. అదే జవాబును లెక్కలోంచి రాబట్టడం ఇంకా ఉపయోగకరం. తుల్యతా బిందువు (ఆమ్లానికి క్షారం సరిగ్గా సరిపోయిన చోటు) దగ్గర ఫ్లాస్క్‌లో ఉండేది సోడియం ఎసిటేట్, 1.621 మిల్లీమోల్‌లు. ద్రావణం మొత్తం 20.00 + 15.60 = 35.60 మి.లీ., కాబట్టి ఎసిటేట్ గాఢత 0.0455 మొలార్. ఇది జలవిశ్లేషణ చెంది హైడ్రాక్సైడ్ అయాన్‌లను ఇస్తుంది. ఎసిటిక్ ఆమ్లపు వియోజన స్థిరాంకం 1.75 × 10⁻⁵ అయితే ఎసిటేట్ క్షార స్థిరాంకం 5.7 × 10⁻¹⁰. హైడ్రాక్సైడ్ గాఢత ఈ రెండు సంఖ్యల లబ్ధానికి వర్గమూలం, అంటే 5.1 × 10⁻⁶. పీఓహెచ్ 5.29, పీహెచ్ 8.71. ఫినాల్ఫ్తలీన్ రంగు మారేది సుమారు 8.2 నుంచి 10 మధ్య కాబట్టి అది సరిగ్గా సరిపోతుంది. (గాఢతలు పీహెచ్‌ను నిర్ణయిస్తాయి గనుక ఈ ఒక్క లెక్కలో మాత్రం ఫ్లాస్క్‌లోకి అదనంగా పోసిన నీటిని కలుపుకోవాలి. మరో 20 మి.లీ. పోసినా పీహెచ్ 0.1 మేరకే తగ్గుతుంది.)

మిథైల్ ఆరెంజ్ వేస్తే ఏమవుతుంది? అది పూర్తిగా పసుపు రంగుకు మారేది 4.4 దగ్గర. ఎసిటిక్ ఆమ్లపు పీకేఏ (వియోజన స్థిరాంకపు రుణ లాగ్) 4.76 కాబట్టి, హెండర్సన్–హాసెల్‌బాల్క్ సమీకరణం (పీహెచ్ = పీకేఏ + లాగ్ [ఎసిటేట్ ÷ ఆమ్లం]) ప్రకారం 4.4 వద్ద ఎసిటేట్‌కూ ఆమ్లానికీ ఉన్న నిష్పత్తి 10⁻⁰·³⁶, అంటే ఇంచుమించు 0.44. మొత్తం ఆమ్లంలో తటస్థమైనది 30 శాతమే. 15.60 మి.లీ. రావలసిన చోట 4.8 మి.లీ. దగ్గరే ద్రావణం పసుపు రంగుకు వచ్చేస్తుంది, అదీ ఒక్క చుక్కతో మారకుండా నెమ్మదిగా మారుతుంది. ఈ అంకెను ఒకసారి వేసి చూసినవారికి సూచికల పట్టికను బట్టీ పట్టవలసిన అవసరం పెద్దగా ఉండదు.

బలమైన ఆమ్లానికి, బలమైన క్షారానికి ఈ పట్టింపు లేదు. 25.00 మి.లీ. 0.1000 మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి అంతే గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ 24.90 మి.లీ. చేర్చినప్పుడు మిగిలిన ఆమ్లం 0.010 మిల్లీమోల్, మొత్తం 49.90 మి.లీ.లో దాని గాఢత 2.0 × 10⁻⁴, పీహెచ్ 3.70. క్షారం 25.10 మి.లీ. అయ్యేసరికి అదే మొత్తంలో క్షారం మిగిలి పీహెచ్ 10.30కు చేరుతుంది. బ్యూరెట్ చుక్క ఒక్కోటి దాదాపు 0.05 మి.లీ. అనుకుంటే, నాలుగు చుక్కల్లో ఆరున్నర ప్రమాణాల ఎగబాకుడు. మిథైల్ ఆరెంజ్ వేసినా ఫినాల్ఫ్తలీన్ వేసినా తేడా ఒకటి రెండు చుక్కలకు మించదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం స్థానంలో అంతే గాఢత గల ఎసిటిక్ ఆమ్లాన్ని పెడితే 24.90 మి.లీ. వద్ద పీహెచ్ అప్పటికే 7.16కు చేరి ఉంటుంది, ఎందుకంటే ఎసిటేట్, ఆమ్లాల నిష్పత్తి 249, దాని లాగ్ 2.40, 4.76కు కలిపితే అంతే వస్తుంది. 25.10 వద్ద మాత్రం మళ్లీ 10.30. అంటే ఎగబాకుడు 7.16 నుంచి మొదలవుతోంది, మిథైల్ ఆరెంజ్ పరిధి దానికి చాలా కింద ఉండిపోయింది.

పీహెచ్ వక్రరేఖ లెక్కల్లో మొత్తం ఘనపరిమాణాన్ని మరచిపోవడమే తరచుగా జరిగే పొరపాటు. మిగిలిన 0.010 మిల్లీమోల్‌ను 25తో భాగించి 3.40 అని రాసేవారు ఎందరో. హెండర్సన్–హాసెల్‌బాల్క్ సమీకరణంలో మాత్రం నిష్పత్తి ఒక్కటే ఉంటుంది కాబట్టి ఘనపరిమాణం పైనా కిందా కొట్టుకుపోతుంది, నేరుగా మిల్లీమోల్‌లనే వేసుకోవచ్చు. సగం తటస్థమైన చోట, అంటే 12.50 మి.లీ. దగ్గర, నిష్పత్తి 1 అయి పీహెచ్ పీకేఏకు సమానమవుతుంది. తెలియని బలహీన ఆమ్లాన్ని గుర్తించడానికి పీహెచ్ మీటరుతో ఈ బిందువునే వెతుకుతారు.

మిగిలినదాన్ని కొలిచి, ఖర్చయినదాన్ని కనుక్కోవడం

గుడ్డు పెంకులో కాల్షియం కార్బోనేట్ ఎంతుందో కనుక్కోవాలంటే దానిని నేరుగా టైట్రేట్ చేయలేం. అది నీటిలో కరగదు, ఆమ్లంతో జరిపే చర్య కూడా నెమ్మదిగా సాగుతుంది. కాబట్టి తెలిసిన మొత్తంలో ఎక్కువ ఆమ్లాన్ని పోసి, చర్య పూర్తయ్యాక మిగిలిన ఆమ్లాన్ని క్షారంతో కొలుస్తారు. దీనిని బ్యాక్ టైట్రేషన్ అంటారు.

లోపలి పొరను తీసేసి, ఎండబెట్టి, మెత్తగా నూరిన పెంకు పొడి 0.4860 గ్రాములు తీసుకుని, దానికి 0.4980 మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 25.00 మి.లీ. చేర్చాం. బుడగలు ఆగాక ద్రావణాన్ని కాసేపు వేడిచేసి కార్బన్ డయాక్సైడ్‌ను వెళ్లగొట్టి, చల్లార్చి, 0.1039 మొలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే 32.00 మి.లీ. ఖర్చయింది. పోసిన ఆమ్లం 0.4980 × 25.00 = 12.450 మిల్లీమోల్‌లు. మిగిలిన ఆమ్లం 0.1039 × 32.00 = 3.325 మిల్లీమోల్‌లు. పెంకుతో చర్య జరిపినది ఈ రెండింటి తేడా, 9.125 మిల్లీమోల్‌లు. ఒక కార్బోనేట్‌కు రెండు హైడ్రోక్లోరిక్ ఆమ్ల అణువులు కావాలి కాబట్టి కాల్షియం కార్బోనేట్ 4.563 మిల్లీమోల్‌లు. 100.09తో గుణిస్తే 456.7 మిల్లీగ్రాములు, పొడిలో 94.0 శాతం.

రెండుతో భాగించవలసింది తీసివేత తర్వాతే. బ్యూరెట్‌లోని క్షారం కొలిచేది హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని, వాటి మధ్య నిష్పత్తి ఒకటికి ఒకటి. రెండు అనే సంఖ్య పెంకుకూ ఆమ్లానికీ మధ్య జరిగిన చర్యకు చెందినది. ఇంకో విషయం. బ్యాక్ టైట్రేషన్‌లో బ్యూరెట్ రీడింగు పెరిగితే జవాబు తగ్గుతుంది. పెంకు ఎక్కువ ఉంటే మిగిలే ఆమ్లం తక్కువ కదా. అంత్య బిందువు దాటి నాలుగు చుక్కలు ఎక్కువ వేస్తే మామూలు టైట్రేషన్‌లో శాతం పెరుగుతుంది, ఇక్కడ తగ్గుతుంది.

ఒకే ఫ్లాస్క్‌లో రెండు క్షారాలు

చాలా రోజులుగా మూత సరిగా లేని సీసాలో ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కొంత సోడియం కార్బోనేట్ తప్పకుండా ఉంటుంది. రెండింటినీ విడివిడిగా కనుక్కోవడానికి రెండు సూచికలను ఒకదాని తర్వాత ఒకటి వాడతారు. ఫినాల్ఫ్తలీన్ రంగు పోయేసరికి హైడ్రాక్సైడ్ మొత్తం తటస్థమై, కార్బోనేట్ సగం దారిలో బైకార్బోనేట్‌గా మారి ఉంటుంది. అప్పుడు మిథైల్ ఆరెంజ్ వేసి కొనసాగిస్తే ఆ బైకార్బోనేట్ కార్బోనిక్ ఆమ్లంగా మారడం పూర్తవుతుంది. ఈ రెండో దశలో ఖర్చయ్యే ఆమ్లం కార్బోనేట్‌ది మాత్రమే.

25.00 మి.లీ. ద్రావణానికి 0.1000 మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఫినాల్ఫ్తలీన్ వరకు 18.40 మి.లీ., అక్కడి నుంచి మిథైల్ ఆరెంజ్ వరకు మరో 5.20 మి.లీ. ఖర్చయిందనుకుందాం. కార్బోనేట్ 0.520 మిల్లీమోల్. మొదటి దశలోనూ కార్బోనేట్ ఇంతే ఆమ్లాన్ని తీసుకుని ఉంటుంది కాబట్టి హైడ్రాక్సైడ్ వాటా 18.40 − 5.20 = 13.20 మి.లీ., 1.320 మిల్లీమోల్‌లు. 25తో భాగించి మోలార్ ద్రవ్యరాశులతో గుణిస్తే లీటరుకు సోడియం హైడ్రాక్సైడ్ 2.11 గ్రాములు, సోడియం కార్బోనేట్ 2.20 గ్రాములు.

ప్రశ్నను చదివేటప్పుడు ఒక మాట దగ్గర ఆగాలి. రెండో రీడింగు ‘మొదటి అంత్య బిందువు తర్వాత’ ఇచ్చినదా, లేక మరో 25 మి.లీ. తీసుకుని మొదటి నుంచీ మిథైల్ ఆరెంజ్‌తో చేసినదా? రెండోది అయితే అదే ద్రావణానికి 23.60 అని ఇస్తారు, దాని నుంచి 18.40 తీసివేశాకే 5.20 వస్తుంది. పోటీ పరీక్షల్లో ఈ తేడా మీదనే మార్కు పోయేది. రెండో దశ మొదటిదానికంటే ఎక్కువగా వస్తే ద్రావణంలో ఉన్నది కార్బోనేట్, బైకార్బోనేట్. ఆ తేడాయే బైకార్బోనేట్ వాటా. హైడ్రాక్సైడ్, బైకార్బోనేట్ రెండూ కలిసి ఉండలేవు, కలిపిన వెంటనే చర్య జరిపి కార్బోనేట్ అవుతాయి.

పాత సోడియం హైడ్రాక్సైడ్‌తో పనిచేసేటప్పుడు వచ్చే దోషం కూడా దీనితో తేలుతుంది. రెండు హైడ్రాక్సైడ్‌లు ఒక కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఒక కార్బోనేట్‌గా మారతాయి. మిథైల్ ఆరెంజ్ దగ్గర ఆ కార్బోనేట్ రెండు ఆమ్ల అణువులను తీసుకుంటుంది కాబట్టి నష్టమేమీ కనిపించదు. ఫినాల్ఫ్తలీన్ దగ్గర మాత్రం ఒక్కటే తీసుకుంటుంది, ద్రావణం బలహీనపడినట్లు తోస్తుంది. క్షారం గాఢతను ఏ సూచికతో కనుక్కున్నామో అసలు టైట్రేషన్‌కూ అదే సూచికను వాడమనడం ఇందుకే.

ఫాస్ఫారిక్ ఆమ్లం దగ్గర నార్మాలిటీ ఎందుకు ఇబ్బంది పెడుతుందో కూడా ఇలాగే అర్థమవుతుంది. మిథైల్ ఆరెంజ్ పసుపు రంగు వరకు అది సుమారు ఒక హైడ్రోజన్‌ను, ఫినాల్ఫ్తలీన్ వరకు దాదాపు రెండింటిని వదులుతుంది. మూడోది నీటిలో మామూలు సూచికకు దొరకదు. ఒకే సీసాలోని ద్రావణానికి సూచికను బట్టి నార్మాలిటీ మారిపోతుంటే, మారని మొలారిటీని పట్టుకుని నిష్పత్తిని విడిగా రాసుకోవడమే మేలు.

దోషం ఏ దిక్కుకు లాగుతుంది, ఎన్ని అంకెలు రాయాలి

వైవా పరీక్షలో అడిగే ప్రశ్నలు చాలావరకు లెక్కలోని ప్రశ్నలే. బ్యూరెట్‌ను నీటితో కడిగి, ద్రావణంతో కడగకుండా నింపితే లోపలి తడి క్షారాన్ని పలుచన చేస్తుంది, అవే మిల్లీమోల్‌లకు ఎక్కువ మి.లీ. కావాలి, వినెగర్ శాతం ఎక్కువగా వస్తుంది. కోనికల్ ఫ్లాస్క్‌ను ఆమ్లంతో కడిగితే లెక్కలో లేని మిల్లీమోల్‌లు లోపల మిగులుతాయి, మళ్లీ శాతం పెరుగుతుంది. దానిని నీటితోనే కడగాలి. పిపెట్ కొనలో మిగిలే చివరి చుక్కను ఊదితే కూడా అంతే. బ్యూరెట్ కుళాయి కింద ఉన్న గాలి బుడగ మధ్యలో జారిపోతే దాని పరిమాణం కూడా క్షారంగా లెక్కలోకి వస్తుంది.

0.1 మి.లీ. గీతలున్న బ్యూరెట్‌లో ఒక్కో రీడింగును 0.05 వరకు అంచనా వేయగలం. మొదటిదీ చివరిదీ రెండు రీడింగులు కాబట్టి తేడాలో 0.1 మి.లీ. వరకు అనిశ్చితి ఉండవచ్చు. 19.45లో అది అర శాతం. పైన చూసిన 5.20లో దాదాపు 2 శాతం. కాబట్టి అక్కడ కార్బోనేట్‌ను 2.2 గ్రాములని చెప్పడమే సరి. కాలిక్యులేటర్ చూపిన 2.2046ను యథాతథంగా దించేస్తే ఆ చివరి అంకెలకు ప్రయోగంలో ఆధారం ఉండదు. మధ్య మెట్లలో మాత్రం ఒక అంకె అదనంగా ఉంచుకుని చివర్లోనే సవరించుకోవాలి.

ఒక సాధన

3.578 గ్రాముల చాకలి సోడా స్ఫటికాలను 250 మి.లీ. చేసి, అందులోంచి 25.00 మి.లీ. తీసి మిథైల్ ఆరెంజ్‌తో టైట్రేట్ చేస్తే 0.1000 మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 25.40 మి.లీ. ఖర్చయింది. స్ఫటికంలో ఒక కార్బోనేట్‌కు ఎన్ని నీటి అణువులున్నాయి?

ఆమ్లం 2.540 మిల్లీమోల్‌లు, 25 మి.లీ.లోని కార్బోనేట్ 1.270, మొత్తం 250 మి.లీ.లో 12.70 మిల్లీమోల్‌లు. 3578 మిల్లీగ్రాములను 12.70తో భాగిస్తే మోలార్ ద్రవ్యరాశి 281.7. అందులోంచి సోడియం కార్బోనేట్ 105.99 తీసేస్తే మిగిలే 175.7ను నీటి 18.015తో భాగిస్తే 9.76 వస్తుంది. పాఠ్యపుస్తకంలోని సంఖ్య 10. మూత తెరిచి ఉన్న సోడా స్ఫటికాలు గాలికి నీటిని కోల్పోయి పైన తెల్లని పొడి కడతాయి కాబట్టి, నిజమైన నమూనాకు 9.76 రావడం మామూలే. ప్రయోగ పుస్తకంలో దానిని 10గా దిద్దకుండా అలాగే రాసి, పక్కన కారణం రాయాలి.